లావు తాళం ఎందుకు?
అమెరికా అద్దె అపార్ట్‌మెంట్లలో నాణేలు వేస్తే నడిచే ఉమ్మడి వాషింగ్ మెషీన్ల చిల్లర డబ్బాలు పగలగొట్టి చిల్లర ఎత్తుకుపోతే, ఓనర్లు చేసే మొదటి పని ఇంకా లావు తాళం కొనడం. నాకది తెలివైన పనిగా తోచదు. పావు డాలరు నాణెం బరువు 5.67 గ్రాములు, వంద డాలర్లంటే 400 నాణేలు, రెండు కిలోల పైమాటే. దొంగకు దక్కేది ఆ మూట. ఓనరుకు అసలు దెబ్బ, గునపం పోటుకు వంకరపోయిన మెషీన్‌ని బాగుచేయించడంలో తగులుతుంది. తాళం ఎంత గట్టిదైతే పోటు అంత గట్టిగా పడుతుంది మరి. అందుకే డబ్బాను తరచుగా, ఫలానా రోజని ఎవరికీ తెలియకుండా ఖాళీ చేయాలి. చేస్తున్నామని గోడమీద పెద్దక్షరాలతో రాసిపెట్టాలి. ఒకే తాళంచెవికి అన్ని మెషీన్లూ తెరుచుకునేలా ఉంటే మాత్రం తాళాలు మార్చాల్సిందే. కెమెరా సంగతంటారా, ముఖం కప్పుకొచ్చినవాణ్ణి అది చూస్తూ ఊరుకుంటుంది. నాణేలు తీసేసి యాప్ పెడితే పీడ విరగడవుతుందనేవారికి ఒక కబురు: 2024లో శాంతాక్రూజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థులిద్దరు అలాంటి యాప్‌లోనే లోపం పట్టుకుని, పైసా కట్టకుండా బట్టలుతకొచ్చని చూపించారు. పైగా హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కని కొత్తగా దిగిన కుర్రాడికి, అక్కడి బ్యాంకు కార్డు చేతికొచ్చేదాకా ఆ చిల్లరే దిక్కు.