కూలీల ఆరోగ్యానికి కూలీలే కాపలా

వేసవిలో కృష్ణా కాలువలకు నీరు ఆపగానే ఊళ్లలో పంట బోదెల పూడికతీత పనులు మొదలవుతాయి. ఎండలు ముదిరేదీ అప్పుడే. 2015 మే నెలలో వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సంగతి మరువరానిది.

పనిచోట మంచినీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే చెప్పింది. అయితే పందిరి వేసినంత మాత్రాన కూలీలు దాని కింద కూర్చుంటారనుకోవడం పొరపాటు. కొలతను బట్టి కూలి గనుక, పార దించితే డబ్బు తరుగుతుందని గుక్కెడు నీళ్లకైనా లేవరు. అధికారి జీపు దిగి చెప్పిన మాట ఆ పూటతో సరి.

అదే తమతో మట్టి మోసిన మనిషి "అక్కా, ఇక చాలు, నీడకు రా" అంటే కాదనేవారుండరు. కనుక ప్రతి జట్టులోనూ పదిమందీ మాట వినే ఒకరిని కూలీలే ఎన్నుకోవాలి. వడదెబ్బ గుర్తులు, ఉప్పు చక్కెర నీళ్లు కలిపే పద్ధతి ఆరోగ్య కార్యకర్తలు వారికి నేర్పాలి. తెల్లవారుతూనే పని మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించాలి.

అన్నిటికీ మించి, నీడన కూర్చున్న కాసేపటికి కూలి తెగకుండా కొలతలో వెసులుబాటు కల్పించవలసి ఉంది. అది లేనిదే ఎవరు చెప్పినా పందిరి ఖాళీగానే ఉంటుంది.