పరుల పొలములో హితవరి

సూర్యాపేట నుండి ఖమ్మమునకు పోవు దారిలోని మోతెలో, తొలకరి పడి నారుమళ్లు దున్నుచున్న దినములలో, ఏ రైతు వసారాలోనైనను ఒక దృశ్యము కంటబడును. ఇంటి యజమాని విత్తనపు సంచి కుట్టు విప్పి, గుప్పెడు వడ్లు అరచేతిలో పోసికొని, తాలు ఎంత ఉన్నదో ఊది చూచి, ఒక గింజను పంటికింద వేసి, ‘బీపీటీయే, కల్తీ లేదు’ అని తేల్చుకొన్న పిమ్మట గాని దానిని నానవేయడు. ఆ వడ్లు ఎక్కడివని అడిగినచో బాపట్లవని చెప్పును; ఆ మాట నిజమే. 1986లో బాపట్ల పరిశోధనా స్థానమునుండి వెలువడి, జనుల నోట సాంబ మసూరి అయిన బి.పి.టి. 5204 అది, కోదాడ, మిర్యాలగూడ మిల్లులకు పేరు తెచ్చిన సన్నరకములలో పెద్దది. అయితే దాని వంశవృక్షము నెక్కి చూచినచో ఒక కొమ్మ కోయంబత్తూరు జి.ఇ.బి. 24 వైపును, ఒక కొమ్మ తైవాను పొట్టివరి తైచుంగ్ నేటివ్-1 వైపును, మరియొకటి మలేషియా మసూరి వైపును పోవును. ఆ మసూరియైనను, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పథకము క్రింద తైవాను రకమునకును మలయా రకమునకును మన కటకములోనే సంకరము చేయగా, ఆ సంతతి మలయా పొలములలో ఏరబడి, 1965లో అక్కడ పేరు పెట్టుకొని, మరల సముద్రము దాటి మన తీరము చేరినది. మోతె రైతు నోటిలో నలిగిన ఆ ఒక్క గింజ వెనుక ఇన్ని దేశముల వారి చేతిపని కలదు.

యుద్ధముచేతనో, కరవుచేతనో, పాలకుల అవివేకముచేతనో పాడుపడిన దేశమునకు పరదేశపు వ్యవసాయ నిపుణులు పోయి అక్కడి సేద్యమును తిరిగి నిలబెట్టుట మన కాలమున ఒక వృత్తియే అయినది. ఆఫ్ఘనిస్థానమునకు అమెరికా తన నేషనల్ గార్డు దళములలోని రైతుబిడ్డలను ఏరి సేద్యపు సలహాదారులనుగా పంపిన సంగతి పాఠకులు ఎరిగినదే. కూలిన వంతెనను గుత్తేదారు ఏడాదిలో కట్టి ఇచ్చి పోవచ్చును. కాని ఆకలికి విత్తనపు గింజలను కూడ వండుకొని తిన్న ఊరిలో సేద్యమును మొదలుపెట్టుట గుత్తకు ఇచ్చు పని కాదు. ఈ విషయమున తెలుగుదేశమునకు రెండు వైపుల అనుభవమును కలదు. మొదట పరదేశీయుల సలహాను చేయిచాచి పుచ్చుకొన్నది. పిదప తానే పరదేశీయులకు చెప్పసాగినది. పుచ్చుకొన్ననాటి పాఠములు చెప్పునాటికి ఎంతవరకు జ్ఞప్తియందున్నవి అన్నదే ఈ వ్యాసకర్త సందేహము.

పుచ్చుకొన్ననాటి కథ 1959తో మొదలగును. ఆ యేట ఫోర్డు ఫౌండేషను పిలిపించిన 13 మంది అమెరికా వ్యవసాయ నిపుణులు మన దేశమంతట తిరిగి, ఇదే తీరున సాగినచో జనాభా ముందునకును ధాన్యము వెనుకకును పోవునని ఒక నివేదిక నిచ్చిరి. విత్తనము, ఎరువు, పురుగుమందు, అప్పు, ఈ నాలుగింటిని విడివిడిగా ఊరూర చల్లుటకంటె, ఎన్నుకొన్న కొన్ని జిల్లాలలో ఒక్కమారే గుమ్మరించుట మేలని వారి సలహా. దానినుండి పుట్టినదే ‘ప్యాకేజి’ పథకము. తొలుత ఎన్నికైన ఏడు జిల్లాలలో తంజావూరు, లూధియానాల సరసన మన పశ్చిమగోదావరియు చేరినది. ఎన్నిక యందలి యుక్తి స్పష్టము: నీరున్నచోట వేసిన రూపాయి త్వరగా మొలచును. ఆ యుక్తిని నేను తప్పుపట్టను. తిండిగింజలకు అమెరికా ఓడల కొరకు రేవులో ఎదురుచూచిన దినములవి. అయితే కాటన్ దొర ఆనకట్ట కట్టి నూరేండ్లు దాటిన డెల్టాకు వచ్చిన హితవరి, మోటబావి మీదను చెరువు మీదను బ్రదుకు మోతె వంటి ఊళ్ల వైపు తొంగిచూడలేదన్నది కూడ చరిత్రయే. సలహాదారులు సర్వత్ర ఇట్టివారే: గెలుపు కనబడుచోటికి ముందు పోవుదురు.

అదే కాలమున కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యులు 1956 మొదలు 1972 వరకు మన రాష్ట్రమున చేసిన పని ఇంతకంటె లోతైనదని నా నమ్మకము. బోధన ఒక ఇంట, పరిశోధన ఒక ఇంట, రైతుకు చెప్పు శాఖ మూడవ ఇంట కాపురముండిన మన పద్ధతిని మార్చి, మూడింటిని ఒక కప్పు క్రిందికి తెచ్చు అమెరికా సంప్రదాయమును వారు వెంట తెచ్చిరి. 1964 జూన్ 12న రాజేంద్రనగరున ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఆ సంప్రదాయపు బిడ్డ. మరుసటి యేడు, 1965లో, అఖిల భారత వరి సమన్వయ పరిశోధన పథకము కూడ రాజేంద్రనగరుననే వెలసినది; దానికి సమన్వయకర్త ఎస్.వి.ఎస్. శాస్త్రి, ఆయన ప్రక్కన సహ సమన్వయకర్తగా రాక్‌ఫెల్లర్ ఫౌండేషను పంపిన వేన్ ఫ్రీమన్. అమెరికావాడు రెండవ కుర్చీలో కూర్చుండుటను గమనింపుడు. ఆ చిన్న ఏర్పాటులో పెద్ద వివేకము కలదు. మూడేండ్లు తిరుగకముందే, 1968లో, జయ, పద్మ అను రకములు వెలువడినవి.

ఇక ఐ.ఆర్. 8 సంగతి. ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966 నవంబరులో విడుదల చేసిన ఆ పొట్టివరికి తల్లి ఇండొనేసియా పేటా. ఆ పేటా రక్తమున బంగాళపు లాతిశాయి వరి ఉన్నదని మనలో ఎందరికి తెలియును? పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో ఆ విత్తనము వేసి, హెక్టారుకు సుమారు 7 టన్నులు పండించి, తాను పండించిన విత్తనమును ఇరుగుపొరుగువారికి అందించెను. అంతవరకు ఎరువు ఎక్కువైనచో చేను పడిపోవుటయే ఎరిగిన కాపులు, గట్టిగా నిలబడి కంకి మోసిన ఆ మొక్కను చూచుటకు ఆయన గట్టుమీదికి వచ్చిరి. అన్నము బిరుసు, మరలో నూక ఎక్కువ అని సణిగినవారును లేకపోలేదు, వారి మాటలోను సత్యమున్నది. పిమ్మటి రకములలో ఆ దోషము దిద్దుటకు ఆ సణుగుడే దారి చూపినది. నిపుణుడు తెచ్చిన విత్తనమునకు పొరుగు రైతు పూచీ పడునంతవరకు అది నేలలో దిగదు.

నాగార్జునసాగరు నీరు నల్లగొండ సీమకు వచ్చిన తరువాతి కథ వేరు. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడగా, లాల్‌బహదూర్ కాలువ మీద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు మాగాణులైనవి. కాగితము మీద ఇంతభూమి మాగాణి, ఇంతభూమి ఆరుతడి అని విభజన జరిగినది. కాలువ మొదటివారు ఆరుతడి భూమిలోను వరియే నాటిరి, కొననున్నవారు తూము వైపు చూచుచు కూర్చుండిరి. ప్రపంచ బ్యాంకు అండతో దేశమంతట వ్యాపించిన ‘శిక్షణ - సందర్శన’ పద్ధతి ఈ దశలోనే మన రాష్ట్రమునకును వచ్చినది. దానిని రూపొందించినవాడు ఇజ్రాయెల్ దేశస్థుడగు డేనియల్ బెనోర్. తుర్కీలో మొదలిడి, మన చంబలు ఆయకట్టు మీదుగా ఇది నడచినది. పక్షమున కొకమారు, చెప్పిన వారమున చెప్పిన గంటకు గ్రామసేవకుడు వచ్చి, ఎంపిక చేసిన కొందరు రైతులకు ఆ పక్షపు పని చెప్పవలెను. వారు తక్కినవారికి చెప్పవలెను. గడియారమువలె చక్కనైన ఏర్పాటు. కాని పైనుండి క్రిందికి దిగు మాటకు మెట్లున్నవి గాని, క్రిందినుండి ఎక్కు ప్రశ్నకు లేవు. పొట్టదశలో చేను నెర్రెలు విడిచినపుడు చివరి ఆయకట్టు రైతు అడుగునది ఒక్కటే: ‘సారూ, నీళ్లెప్పుడొస్తయి?’ ఆ ప్రశ్నకు ఆ పక్షపు పాఠములో చోటు లేదు. నేటికిని, శ్రీరామసాగరము రెండవదశ కాలువ కొనయందున్న మోతె పరిసరములలో యాసంగి నడిమిలో వినబడు ప్రశ్న అదియే.

పరదేశములలో ఈ వృత్తి ఎంత ఎత్తునకు పోగలదో తెలిసికొనవలెనన్నచో కంబోడియాను చూడవలెను. 1975 మొదలు 1979 వరకు పోల్ పాట్ ప్రభుత్వము హెక్టారుకు 3 టన్నులు పండించి తీరవలెనని శాసించి, దేశపటము మీద గళ్లు గీచి, కిలోమీటరున కొకటి చొప్పున, నేల వాలును లక్ష్యపెట్టక కాలువలు తవ్వించెను. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువున చేరు కాకతీయుల గొలుసుకట్టు చెరువుల క్రింద పుట్టిపెరిగిన తెలంగాణ కాపు ఎవడైనను ఆ పటమును చూచి నవ్వియుండును. కాని ప్రాణభయము లేక నవ్వగల దినము అక్కడ ఎవరికిని లేకపోయెను. చదువుకొన్నవారు హతులైరి, వంశపారంపర్యముగా వచ్చిన విత్తనములు అంతరించెను. అయితే ఆ పాలనకు పూర్వము సేకరింపబడిన 766 కంబోడియా దేశవాళీ వరిరకములు ఫిలిప్పైన్సు వరి సంస్థ శీతలాగారమున పదిలముగా నుండినవి. 1980ల తొలినాళ్లనుండి అవి స్వదేశమునకు తిరిగిపోయినవి. 1987 నుండి 2001 వరకు ఆస్ట్రేలియా ధనముతో, హ్యారీ నెస్బిట్ నాయకత్వమున, కొద్దిమంది పరదేశీయులు అక్కడనే కాపురముండి పనిచేసిరి. 1995 నాటికి ఆ దేశము తన బియ్యము తాను పండించుకొన్నది. పోవుటకు ముందే 1999లో ఆ దేశపు పరిశోధనా సంస్థ ఏర్పడునట్లు చూచి, తాళపుచేతులు కంబోడియావారి చేతికిచ్చి, అటు తరువాత వారు ఓడ నెక్కిరి. పదునాలుగేండ్లు! మన రాయబార కార్యాలయములు రెండేండ్ల పథకమును సుదీర్ఘమని పిలుచు కాలమిది.

మన వాకిటనే పటాన్‌చెరున 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఇట్టి పనినే మెట్టపంటల విషయమున చేసినది. దాని పక్షమున సూడానులో పనిచేసిన గెబిసా ఎజెటా, స్వయముగా ఇథియోపియా దేశస్థుడు, 1983లో ‘హగీన్ దురా’ అను సంకర జొన్నను వెలువరించెను. 2009లో ఆయనకు ప్రపంచ ఆహార పురస్కారము లభించినది. పటాన్‌చెరు విత్తన భాండాగారమున లక్షా ఇరువది వేలకు మించిన నమూనాలు నిద్రించుచున్నవి. బోట్స్వానా, కామెరూన్, ఇథియోపియా, కెన్యా, నైజీరియా, సోమాలియా దేశములు తమ జొన్నలను ఇచ్చటినుండి తిరిగి తీసికొనిపోయినవి. తాము పోగొట్టుకొన్న జొన్నను మెదకు సీమలో వెదకికొను దేశముల సంగతి మన పాఠ్యపుస్తకములకు ఎక్కవలసినంతటిది, ఎక్కలేదు.

హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ మేనేజ్ 2016 నుండి భారత, అమెరికా ప్రభుత్వముల ఉమ్మడి పథకము క్రింద ఆఫ్ఘనిస్థానము, లైబీరియా, మలావి మొదలగు దేశముల వ్యవసాయాధికారులకు శిక్షణ నిచ్చినది. ఇచ్చట నేర్చి పోయినవారు తమ దేశమున ఇతరులకు నేర్పవలెను. సలహాదారుని అక్కడికి పంపుటకంటె అక్కడివానిని ఇక్కడికి పిలుచుట తక్కువ ఖర్చు, ఎక్కువ గౌరవము; ఆ మార్గము నాకు నచ్చినది. కాని అందుకు ధనమిచ్చిన అమెరికా సహాయ సంస్థ యుఎస్ఎయిడ్‌యే 2025 జులైలో మూతపడినది. పరుల ఖజానా మీద నడచు హితబోధకు ఆయువు ఆ దేశపు ఎన్నికల గడువంత. ఇకమీదట ఈ పనిని మన సొమ్ముతో నడపుదుమా, మానుదుమా అన్నది ఢిల్లీ తేల్చవలసిన ప్రశ్న. తేల్చక నాన్చుట మానుటతో సమానము.

నడపదలచినచో వారికి ఒక విన్నపము. హైదరాబాదు వచ్చు విదేశీ అధికారులను రాజేంద్రనగరు ప్రదర్శన క్షేత్రములయందును, గోదావరి డెల్టాలోని పచ్చని మళ్లయందును మాత్రమే త్రిప్పకుడు. వారి దేశములలో అత్యధిక భాగము మోతె వంటిది: వర్షము మీదను, చెరువు మీదను, వచ్చునో రాదో తెలియని కాలువనీటి మీదను బ్రదుకునది. రాజేంద్రనగరునుండి మోతెకు మూడుగంటల పైచిల్లర ప్రయాణము. యాసంగి నడుమ, చివరి తడికి నీరందని వారమున, వారిని తీసికొనివచ్చి ఒక రైతు వసారాలో కూర్చుండబెట్టి, దుబాసీని ప్రక్కన నుంచి, ఒక పూట ఆయన మాట విననిండు.