‘ఫుజియాన్’ వెనుక రేవులు
విమానాలను విద్యుదయస్కాంత బలంతో ఎగరేసే తన మూడో విమానవాహక నౌక ‘ఫుజియాన్’ను చైనా 2025 నవంబరులో నౌకాదళంలో చేర్చుకుంది. ఆ నౌక ఎంత పెద్దదన్న చర్చ కంటే, రేపు అది ఇంధనానికి, మరమ్మతులకు ఏ రేవుల్లో ఆగుతుందన్నదే మనల్ని ఎక్కువగా కలవరపెట్టాలి. సముద్రబలం పరాయి తీరాన కాలూనినప్పుడే సామ్రాజ్యమవుతుంది. 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ 1759లో అక్కడి కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకుంది. వారికి సాయంగా ఓడలు వచ్చేసరికే కోట చేజారింది. 1765 నాటికి ఉత్తర సర్కారులపై మొగలు ఫర్మానా కూడా కంపెనీ చేతికొచ్చింది. తన వాణిజ్యాన్ని కాపాడుకునే హక్కు చైనాకుందనే వాదనను కాదనలేం. కంపెనీ కాలంతో ఈ కాలాన్ని యథాతథంగా పోల్చనూలేం. అయినా 2017లో జిబూటీలో చైనా సైనిక స్థావరం వెలసింది, అదే ఏడాది శ్రీలంకలోని హంబన్‌టోట రేవు 99 ఏళ్ల కౌలుకు చైనా సంస్థపరమైంది. కాబట్టి పొరుగు దేశాల రేవులకు భారత్ సకాలంలో, వారి ఆత్మగౌరవానికి భంగం కలగని షరతులపై పెట్టుబడి అందించాలి. విదేశీ యుద్ధనౌకలకు అక్కడ శాశ్వత వసతి ఉండదన్న హామీని కొలంబో, మాలె ప్రభుత్వాల నుంచి రాతపూర్వకంగా పొందాలి.