సుమతిని ఎవలన్న ఏమన్న అడిగిన్రా?

'కల్కి 2898 ఏడీ' రెండో భాగంల దీపికా పదుకొణె ఉండదని 2025 సెప్టెంబర్ల వైజయంతీ మూవీస్ చెప్పింది. ఇగ ఫోన్లల్ల ఒకటే లొల్లి. తప్పు ఆమెదా, నిర్మాతలదా? ఆమె జాగల ఎవలొస్తరు? మా వాట్సాప్ గ్రూపుల ఒక తమ్ముడు రాసిండు: "ఎవలొస్తే ఏందన్నా, కడుపు పట్టుకొని ఉరుకుడే కదా!"

నవ్విన. తర్వాత నవ్వు ఆగింది. పిలగాడు అన్నది నిజమే మరి.

ముందుగాల ఒక మాట ఒప్పుకుంట. ఆ సినిమా నాకు మస్తు నచ్చింది. 2024 జూన్ల మా మేనకోడలిని తోల్కపోయి చూసిన. ఎండిపోయిన కాశీ, పైన వేలాడే కాంప్లెక్స్, మూడు చక్రాల బుజ్జి, తాడిచెట్టంత అశ్వత్థామతోని ప్రభాస్ కొట్లాట. ఈలలు కొట్టిన. నలభై దాటినోడు ఈలలు కొడ్తడా అంటే, కొడ్తడు.

బయటికొచ్చినంక పిల్ల అడిగింది: "మామా, బుజ్జికున్నన్ని మాటలు సుమతికి లేవేంది?"

బుజ్జి అంటే బండి. కీర్తి సురేశ్ గొంతు. ఆ బండి జోకులేస్తది, అలుగుతది, ఓనర్‌నే ఎదిరిస్తది. కథ మొత్తం ఎవల చుట్టు తిరుగుతదో ఆ సుమతేమో ఒకలు పట్టుకపోతే, ఇంకొకలు కాపాడితే, ఊకె భయపడుకుంట ఉంటది. శోభన, అన్నా బెన్ పాత్రలకు దమ్మున్నది, కాదన. నడుమల ఉన్నామెకే లేదు.

"పురాణం కథ గట్లనే ఉంటది" అంటరు కొందరు. ఏ పురాణం? భారతంల ద్రౌపది నిండు సభను నిలదీసింది. ధర్మరాజు ముందుగాల తనను తాను ఓడిండా, నన్ను ఓడిండా అని అడిగితే భీష్ముడే తడబడ్డడు. వేల ఏండ్ల కిందటి ఆమెకున్న నోరు 2898ల ఆమెకు లేకుంటే అది రాసినోళ్ల లోటు.

యాక్షన్ సినిమాల ఇది కుదరదని కూడ అనకున్రి. 1984ల వచ్చిన 'టెర్మినేటర్'ల అచ్చం ఇదే ముచ్చట. పుట్టవోయే బిడ్డ లోకాన్ని కాపాడ్తడు, అందుకే తల్లిని చంప వస్తరు. ఆ తల్లి సారా కానర్, హోటల్ల పనిచేసే పిల్ల. భయపడ్తది, ఏడుస్తది, ఆఖరికి ఆ మిషన్‌ను తన చేతులతోనే నుజ్జు చేస్తది. 1991ల రెండో భాగం వచ్చేసరికి తుపాకి పట్టిన ఆమెను చూసి మనమే జడుసుకుంటం. దాంతోని ఫైట్లు ఏం తగ్గలేదు, ఇంకింత రక్తి కట్టినయి.

నాకు కటుకున గుచ్చుకున్నది వేరే ఉన్నది. గర్భిణుల కడుపుల నుంచి సీరం తీసి సుప్రీం యాస్కిన్‌కు ఎక్కించే ఆ ల్యాబు. అంతా కల్పనే అనుకుంటున్నరా? పైసలకు గర్భం అద్దెకిచ్చుడు మన దేశంల ఏండ్లకేండ్లు నడిచింది, 2021ల చట్టం తెచ్చి బంద్ పెట్టిన్రు. అప్పులకు, ఇంటి కిరాయికి కడుపు ఒప్పజెప్పినోళ్లు పేదింటి ఆడోళ్లే. నాగ్ అశ్విన్ గంత పెద్ద ముచ్చట చేతుల పట్టుకొని, ఆమె ఏమనుకుంటున్నదో ఒక్కసారన్న అడగకపాయె. సినిమా నచ్చింది కాబట్టే ఈ కోపం. నచ్చనిదాని గురించి ఇంత ఎవలు రాస్తరు?

రెండో భాగానికి మొదటి రోజే పోతం. మేనకోడలు ఇప్పటినుంచే చెప్పుతున్నది: "నువ్వు ఈలలు కొట్టు మామా, నేను సుమతి మాటలు లెక్కవెడ్త."