ప్రిన్సిపాల్ పదవి కూడా హక్కుల ప్రశ్నే

మైనారిటీల విద్యాహక్కుల ప్రస్తావన రాగానే మనం రాజ్యాంగంలోని 30వ అధికరణాన్ని స్మరిస్తాం. మన విద్యాసంస్థలను మనమే స్థాపించి నిర్వహించుకునే ఆ హక్కు అమూల్యమైనదే. కానీ పదవ తరగతి దాటిన పేద ముస్లిం పిల్లలకు అనేక పట్టణాలలో అందుబాటులో ఉండేది ప్రభుత్వ కళాశాల. దానిని నడిపే ప్రిన్సిపాల్ పనితీరును కూడా హక్కుల దృష్టితో చూడవలసి ఉన్నదని మేము భావిస్తున్నాం.

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో మన విద్యార్థులు 4.6 శాతం మాత్రమే. పేదరికమే ఇందుకు మూలమని, ఒక ప్రిన్సిపాల్ ఏమి చేయగలడని కొందరు అడుగుతారు. పేదరికాన్ని ప్రిన్సిపాల్ తొలగించలేడు, నిజమే. కానీ ఆ పేదరికం విద్యార్థిని కళాశాల నుండి వెళ్ళగొట్టకుండా చాలావరకు అడ్డుపడగలడు.

మతం కారణంగా ప్రభుత్వ విద్యాసంస్థలో ప్రవేశం నిరాకరించరాదని 29వ అధికరణం చెబుతున్నది. అయితే ప్రవేశం వేరు, చదువు పూర్తికావడం వేరు. ఉపకార వేతనానికి 75 శాతం హాజరు కావాలి, దరఖాస్తు కళాశాల పరిశీలన దాటాలి. అక్కడ కాగితం ఆగితే చదువే ఆగిపోవచ్చు. పది రోజులుగా తరగతికి రాని అమ్మాయి ఇంటికి కబురు పంపుతున్నారా? ఉర్దూను ద్వితీయ భాషగా కోరిన పిల్లలను అధ్యాపకుడు లేడని వేరే భాషకు మళ్ళిస్తున్నారా, లేక అతిథి అధ్యాపకుని కోసం పై అధికారులకు వ్రాస్తున్నారా? సమర్థత తేలేది ఇటువంటి పనులలోనే గాని, వార్షికోత్సవ వేదికల మీద కాదు.

ఇటువంటి నాయకత్వం మనకు అపరిచితం కాదు. కర్నూలుకు చెందిన డాక్టర్ అబ్దుల్ హఖ్ మద్రాసులో ప్రభుత్వ మహమ్మదీయ కళాశాలకు, ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. తన బాధ్యత ఆ కళాశాలల ఆవరణతో ముగిసిందని అనుకోలేదు. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను నెలకొల్పారు. నేడు ఆ నగరంలోని ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరనే ఉన్నది.

వ్యక్తులను మాత్రమే నిందించడం న్యాయం కాదు. పూర్తిస్థాయి నియామకం జరపక, ఒక సీనియర్ అధ్యాపకునికి ఇన్‌ఛార్జి బాధ్యత అప్పగించి ఊరుకోవడం మన రెండు రాష్ట్రాలలోనూ ఎరిగిన పద్ధతే. తన పాఠాలు చెప్పుకుంటూ, ఆ పదవిలో ఎంతకాలం ఉంటాడో తెలియని వ్యక్తి మూడేళ్ళ ప్రణాళిక ఎలా వేయగలడు? ఈ లోపం ప్రభుత్వానిది.

కనుక తల్లిదండ్రులు, కార్యకర్తలు తమ ఊరి కళాశాలకు వెళ్ళి మూడు విషయాలు అడగాలి. ఇక్కడ పూర్తిస్థాయి ప్రిన్సిపాల్ ఉన్నారా? చేరిన పిల్లలలో ఎందరు చివరి పరీక్ష వరకు నిలిచారు? ఉపకార వేతన దరఖాస్తులు ఎన్ని, ఎందుకు పెండింగులో ఉన్నాయి? ప్రిన్సిపాల్ ఏ మతస్థుడన్నది మన ప్రశ్న కాకూడదు. శ్రద్ధతో పనిచేసేవారికి బాహాటంగా అండగా నిలుద్దాం. ఖాళీగా ఉన్న పదవులను భర్తీ చేయమని శాసనసభ్యులను నిలదీద్దాం. ఓట్ల వేళ ఇచ్చే వాగ్దానాలకన్నా, ఒక మంచి ప్రిన్సిపాల్ నియామకం మన ఆడపిల్లల భవిష్యత్తుకు ఎక్కువ మేలు చేస్తుంది.