డిగ్రీలు లేని వాలు

పెరట్లో నారు పెంచుకోవడానికి ఓ చిన్న షేడ్‌నెట్ పందిరి వేస్తానని అనంతపురంలో ఎవరితోనైనా అనండి. "వెల్డింగ్ షాపుకు పో. కొయ్యతో అయితే వాలు కోతలు మిషన్ లేనిదే సరిగ్గా రావు" అంటారు. మొదటి సలహాతో నాకు పేచీ లేదు. అర ఎకరానికి వేసేవాడికి ఇనుప పైపే మేలు. రెండో మాట మాత్రం శుద్ధ అబద్ధం. పని తెలియనివాళ్లు పుట్టించిన ఆ అబద్ధాన్ని ఇప్పుడు పని తెలిసినవాళ్లు కూడా నమ్ముతున్నారు.

నేనూ నమ్మినవాణ్నే. ఏదో విదేశీ వీడియో చూసి, కోణాలన్నీ కాగితం మీద రాసుకొని ఒక వడ్రంగి దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ డిగ్రీలు మాకెందుకు సామీ? వెడల్పెంత, నడుమ ఎత్తెంత, అది చెప్పు" అన్నాడు. వెడల్పు ఎనిమిది అడుగులు, దూలం మీది నుంచి ఎత్తు మూడడుగులు అన్నాను. "అయితే వాసం ఐదడుగులు" అని కాగితం నా చేతిలో పెట్టేశాడు.

సగం వెడల్పు నాలుగు, ఎత్తు మూడు, వాలు ఐదు. పునాది మూల సరిచూడటానికి మేస్త్రీలు వాడేదీ ఈ లెక్కే. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బ సూత్రాల్లోనూ ఇదే లెక్క, శుల్బం అంటే తాడే కదా. (దీన్ని చూసి మీసాలు మెలేయనక్కర్లేదు, తాడు ఉన్న ప్రతి దేశంలోనూ ఈ సంగతి తెలుసు.) డిగ్రీల్లో చెప్పాలంటే ఈ వాలు 36.87. మిషన్ మీద ఆ గీత ఎక్కడుంది? 36కూ 37కూ నడుమ కళ్లు చికిలించి పెట్టుకోవాల్సిందే. ఒక్క డిగ్రీ తప్పితే ఐదడుగుల వాసం చివర అంగుళం పైనే తేడా వస్తుంది. అదే తాడుతో ఎత్తు కొలిచేటప్పుడు పావు అంగుళం పొరబడినా వాలులో తేడా పావు డిగ్రీకి లోపే. ఉజ్జాయింపు పని ఎవరిదో మీరే చెప్పండి.

ఆయన చేసిన తీరు చూసి తీరాలి. ఊడ్చిన నేల మీద మేకులు దిగేసి ఎనిమిదడుగుల తాడు లాగాడు. దాని నడుమ నుంచి మూడడుగులు పైకి కొలిచి మరో మేకు కొట్టాడు. అక్కణ్నుంచి రెండు వైపులా వాలుగా తాళ్లు. ఆ తాళ్ల వెంబడి రెండు కట్టెలు పరిస్తే పైన ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డాయి. ఒకదాని అంచు రెండోదాని మీద ఎక్కడ పడిందో మేకు మొనతో గీశాడు, తిప్పి రెండోదాని మీదా గీశాడు. కోయాల్సిన కోణం అదే. దాన్ని ఎవరూ కొలవలేదు, కట్టెలే చూపించాయి. తర్వాత నేల మీద కూర్చుని, కట్టెను కాలితో అదిమిపట్టి, సగం మందం దాకా రంపం దింపాడు. రంపం గీత పక్కనే నడిచింది, గీతను తినలేదు. మిగిలిన చెక్కను ఉలితో లేపేశాడు.

ఇంకో సంగతి. మనకు దొరికేది వేప, తుమ్మ. ఏ కట్టె వంకర దానిదే. మిషన్‌కు ఒక అంకె ఇస్తే ఎనిమిది వాసాలనూ అదే అంకెకు కోస్తుంది. వంకర కట్టెలకు ఒకే కోత పెడితే నాలుగు జతల శిఖరాలు నాలుగు ఎత్తుల్లో నిలబడతాయి. ఒకే తాళ్ల మీద పరిచి దేనికది గీసి కోస్తే, కోతలు ఎనిమిది రకాలైనా కొనలన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి.

పైగా మన ఎండ. కొయ్య ఎండితే అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువునా దాదాపు తగ్గదు. మిషన్ మీద అద్దంలా కోసి మూలకు మూల అంటించిన నలభై ఐదు డిగ్రీల అతుకు మే నెలకల్లా లోపలి వైపు నోరు తెరుస్తుంది. ఇక ఆషాఢం గాలి ఎలాంటిదో రామగిరి గాలిమరలనో, కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పొలాల్లోకి కొట్టుకొచ్చిన వేదవతి ఇసుకనో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సందు పడిన అతుకులో మేకు రోజూ కదిలి కదిలి వదులవుతుంది. సగం సగం చెక్కి కూర్చోబెట్టిన వాసాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

నేను చూసిన ఆ విదేశీ వీడియోలోని నిటారు వాలు చలిదేశాలది, శీతకాలపు ఏటవాలు ఎండను ఒడిసిపట్టడానికి. అనంతపురంలో ఏప్రిల్ చివరా ఆగస్టు రెండో వారంలోనూ సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తి మీదికొస్తాడు. ఎండను తప్పించుకోవడానికి పందిరి వేసుకునే ఊళ్లో ఎండను పట్టే కోణాలెందుకు? వాన నీళ్లు జారాలి, లోపల మనిషి నిలబడాలి, వేడిగాలి పైకి పోవాలి. దానికి మూడడుగులు చాలు.

చెదలు పడతాయంటారు. ఎర్రనేలలో పాతితే పడతాయి, కాదనను. అందుకే కాళ్లకు రాతి కూసాలు వాడి, కొయ్యను నేలకు తగలనివ్వకండి. మన జిల్లాలో రాతికి కరువా?

మిషన్ కొనేముందు ఒక సాయంత్రం తాడు, నాలుగు మేకులు తీసుకుని పెరట్లో కూర్చోండి. కట్టెలు పరిచి చూశాక కూడా మిషన్ కావాలనిపిస్తే అప్పుడు కొనుక్కోండి.