1964లో నా ఓటు పడవవాడి పాటలకే

నాట్లు అయిపోయాయి. మొదటి కలుపుకి ఇంకా వారం టైముంది. ఈ నాలుగు రోజులూ యూరియా గోల, తెగుళ్ల గోల పక్కనపెట్టి ఒక పాటల పంచాయితీ పెడదామని ఈ పోస్టు. కొంచెం పొడుగే. గట్టు మీద కూర్చుని తీరిగ్గా చదవండి.

"పాత పాటలన్నీ బంగారమే" అంటారు మనలో చాలామంది. నాకా మాట నచ్చదు. అన్నీ బంగారమే అయితే ఇక ఎంచే పనేముంది? కల్లంలో రాశి పోశాక విత్తనానికి పెట్టేది వేరు, తిండికి ఉంచేది వేరు, మిల్లుకి తోలేది వేరు. అన్నీ ఒకటేనని ఏ రైతూ అనడు. పాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం అన్నిటికీ ఒకటే దండం పెట్టి ఊరుకుంటాం. దండం పెట్టినంత మాత్రాన విన్నట్టు కాదు కదండీ.

అందుకే ఒకే ఒక్క సంవత్సరం తీసుకున్నాను. 1964. పెట్టుకున్న రూలు ఒకటే. ఒక్క హిట్టు పాట చూసి ఓటెయ్యకూడదు, సినిమాలో పాటలన్నీ కలిపి చూడాలి. ఒక కంకి బాగుందని చేనంతా బాగుందనం కదా. ఇప్పుడు ఆల్బమ్ అంటున్నారు గానీ, ఆ రోజుల్లో మనకు ఆల్బమ్ అంటే సినిమా పాటలే. గ్రామఫోన్ రికార్డుకి ఒక పక్క ఒక పాట, మూడు నిమిషాలు, అంతే. అది కూడా కొనగలిగినోళ్ల ఇంట్లోనే. మిగతా జనానికి టూరింగ్ టాకీసు, పంచాయతీ రేడియో, హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం.

ఆ ఏడు పంట ఎలాంటిదో చూడండి. సాలూరి రాజేశ్వరరావు గారొక్కరే 'డాక్టర్ చక్రవర్తి', 'పూజాఫలం', 'అమరశిల్పి జక్కన', 'బొబ్బిలి యుద్ధం' ఇచ్చారు. ఒకటి డాక్టరు గారి ఇంటి కథ, ఒకటి రాళ్లు చెక్కేవాడి కథ, ఒకటి 1757 నాటి యుద్ధం. కె.వి. మహదేవన్ గారివి 'మూగమనసులు', 'ఆత్మబలం', 'దాగుడుమూతలు'. పెండ్యాల నాగేశ్వరరావు గారిది 'రాముడు భీముడు'. ఘంటసాల గారు ఊరూరా వినపడేలా పాడటమే కాదు, 'గుడిగంటలు'కి సంగీతం కూడా ఆయనే చేశారు. ఒక్క ఏడాదిలో ఇన్ని. ఎంచడం కష్టమే, అందుకే సరదా.

నా లెక్కలో మూడోది 'రాముడు భీముడు'. సురేష్ ప్రొడక్షన్స్ వారి మొదటి సినిమా, రామారావు గారు రెండు వేషాలు. ఇందులో కొసరాజు రాఘవయ్య గారు సిగరెట్టు మీద ఒక తగువు పాట రాశారు. మొగుడు పొగ గొప్ప చెబుతుంటే పెళ్లాం దాన్ని తుక్కు కింద కొట్టిపారేస్తుంది. అరుగుల మీద మనం మాట్లాడుకునే భాషే అది. అదే సినిమాలో శ్రీశ్రీ గారు మంచి రోజులు వస్తాయని ఒక పాట రాశారు. అప్పటికి నాగార్జునసాగర్ డ్యాం ఇంకా కడుతూనే ఉన్నారు. కాలవల్లోకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. నీళ్లు రాకముందు, వస్తాయన్న నమ్మకం ఒక్కటే ఉన్నప్పుడు వచ్చిన పాట అది. ఇప్పుడు కాలవ చివరి భూముల్లో కూర్చుని వింటే అందులో ఆశ ఎంతో, అందింది ఎంతో మనకు తెలుస్తుంది. మరి మూడో స్థానమే ఎందుకంటే, మిగతా యుగళగీతాలు నాకు మామూలుగానే అనిపిస్తాయి.

రెండోది 'డాక్టర్ చక్రవర్తి'. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' నవలే ఈ సినిమా. నంది అవార్డులు మొదలైన ఏడు కూడా అదే, ఉత్తమ చిత్రం బంగారు నంది దీనికే ఇచ్చారు. మనసెరిగిన తోడు గురించి శ్రీశ్రీ గారు రాసిన పాట, సుశీల గారి వీణ పాట, రెండూ ఇందులోవే. "అవి చదువుకున్నోళ్ల పాటలు, మనకి జానపదాలే ఎక్కుతాయి" అని మనవాళ్లే అనడం విన్నాను. ఈ మాట మీద నాకు గట్టి పేచీ ఉంది. ఆ పాటలు కుర్చీ టికెట్టుకి ఒక రకంగా, నేల టికెట్టుకి ఒక రకంగా వినపడలేదు. నేల మీద కూర్చున్నవాడికి తోడు అక్కర్లేదా? ఒంటరితనం అంటే ఏంటో రాత్రిపూట మోటారు దగ్గర కరెంటు కోసం కాపలా ఉండేవాడికి తెలియదా? ఈ కంచె ఎవరో వేసింది కాదు. మనకి మనమే వేసుకుంటున్నాం.

మొదటిది 'మూగమనసులు'. ఇది గోదారి మీద పడవ నడిపే గోపి కథ. ఆదుర్తి సుబ్బారావు గారి దర్శకత్వం. గోపిగా నాగేశ్వరరావు గారు, జమీందారు బిడ్డ రాధగా సావిత్రి గారు, గోపిని ప్రేమించే గౌరిగా జమున గారు. మహదేవన్ గారి మాతృభాష తెలుగు కాదు, తమిళం. కానీ ఆయన పద్ధతి ఏంటంటే, ముందు పాట రాయించుకుని ఆ మాటలకి వరస కట్టడం. అందువల్ల మాట నలగదు. ఆత్రేయ గారు పడవవాడి నోట పెట్టిన మాటలు రోజూ మాట్లాడుకునే మాటల్లాగే ఉంటాయి, పుస్తకం మాటలు కావు. ఎక్కడా సాగదీసినట్టు, విరిచినట్టు ఉండదు. జమున గారి మీద తీసిన గోదారి గట్టు పాట రాసింది దాశరథి గారు. నిజాం జైల్లో మగ్గిన ఓరుగల్లు ప్రాంతపు కవి ఆయన. తెలంగాణ కవి రాసిన పాటని గోదారి జిల్లాలు తమ సొంత పాట అనుకుంటున్నాయంటే చూడండి.

దీనికి మొదటి ఓటు గోదారి అందానికి కాదు. ఆ పాటల్లో పడవవాడు ఒక మనిషిలా ఉంటాడు. ఎవరూ అతన్ని చూసి జాలిపడరు, దండేసి పూజ చెయ్యరు. ఆట పట్టిస్తాడు, సిగ్గుపడతాడు, బాధ దిగమింగుకుని పాడతాడు. ఇప్పుడు రైతు పేరుతో వచ్చే పాటలు చూడండి. ఎండిన చేను, ఉరితాడు చూపించి ఏడిపించేవి ఒక రకం. నువ్వే దేవుడివి, నువ్వే రాజువి అని ఎత్తి కూర్చోబెట్టేవి ఇంకో రకం. ఎన్నికలొస్తే రెండో రకం మైకులో మోగుతూనే ఉంటుంది. కష్టం లేదని నేననను. అది మనకంటే ఎవరికి తెలుసు? కానీ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మనం శవాలమూ కాదు, దేవుళ్లమూ కాదు. పెళ్లాంతో కీచులాడతాం, అల్లుడి మీద జోకులేస్తాం, వెన్నెట్లో చేను చూసి ఊరికే మురిసిపోతాం. అది ఏ పాటలో ఉంది? మన పిల్లలు మన గురించి ఈ రెండు రకాలే వింటూ పెరిగితే, నాన్న అంటే జాలిపడాల్సిన మనిషి అనుకుంటారు, లేదా పోస్టరు మీది బొమ్మ అనుకుంటారు.

'మూగమనసులు' కథ దగ్గర నాకూ ఒక అభ్యంతరం ఉంది. పడవవాడికీ జమీందారు బిడ్డకీ ఈ జన్మలో కుదరదు, ఇంకో జన్మ ఎత్తాలన్నారు. అది భయమే. కానీ పాటలు కథకంటే ధైర్యమైనవి. పాట పాడుతున్నంతసేపూ గోపి ఎవరికీ తక్కువ కాడు. తర్వాత ఆదుర్తి గారే దీన్ని 1967లో హిందీలో 'మిలన్'గా తీశారు, జమున గారు తన వేషం అక్కడా తనే వేశారు. నది మారినా, భాష మారినా పడవవాడు నిలబడ్డాడు.

'ఆత్మబలం' ఎందుకు లేదంటారని తెలుసు. ఆ వాన పాట లేకపోతే తొలకరికి మన వాట్సాప్ స్టేటస్‌లు ఖాళీ. కానీ రూలు రూలే, ఒక్క కంకితో సరిపోదు.

ఇప్పుడు మీ వంతు. మీరూ ఒక సంవత్సరం పట్టుకోండి, 1964 అయినా సరే, ఇంకోటైనా సరే. మూడు సినిమాలు ఎంచి, పాటలన్నీ వరసగా వినండి. ఫోన్లో పాట పేరు కింద హీరో పేరు వస్తుంది గానీ రాసినవారి పేరు చాలాసార్లు రాదు. అది వెతికి పిల్లలకి చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల ఓటు కూడా అడగండి. 'పూజాఫలం' ఎలా వదిలేశావయ్యా అని నా మీదకొచ్చేవాళ్లు ఇద్దరైనా ఉంటారు. సినారె గారి పాటలు, జానకి గారి గొంతు, వాళ్ల దగ్గర సరుకు గట్టిదే. రండి, కలుపు అయ్యాక తేల్చుకుందాం.